క్లాసు ఎగ్గొట్టండి, కోర్టుకు వెళ్ళండి: నేరశాస్త్ర విద్యార్థులకు డచ్ చిట్కాలు

నెదర్లాండ్స్‌కో, బెల్జియంలోని ఫ్లాండర్స్‌కో వెళ్ళి ఇంగ్లీషు మాధ్యమంలో నేరశాస్త్రం చదివే విద్యార్థికి డచ్‌తో పనే లేదనిపిస్తుంది. పాఠాలు ఇంగ్లీషు, వ్యాసాలు ఇంగ్లీషు, దుకాణంలోనూ రైల్లోనూ అందరికీ ఇంగ్లీషు వచ్చు. నెదర్లాండ్స్‌లో ఈ శాస్త్రానికి పునాది వేసిన విల్లెమ్ బొంగర్ కూడా నేరాలకూ ఆర్థిక పరిస్థితులకూ ఉన్న సంబంధం మీద 1905లో వెలువరించిన పెద్ద గ్రంథాన్ని ఫ్రెంచిలోనే రాశాడు. ఇంకేం కావాలి?

కావాల్సింది చాలా ఉంది. దొంగలు పడ్డ ఇంటి యజమానురాలు పోలీసుతో మొరపెట్టుకునేది డచ్‌లో. జడ్జి నిందితుణ్ణి ప్రశ్నించేది డచ్‌లో. జైలు నుంచి వచ్చిన కుర్రాడు ప్రొబేషన్ అధికారి ముందు తల వంచుకుని గొణిగేది డచ్‌లో. ఈ ముగ్గురి మాటా వినకుండా నేరం గురించి రాసే వ్యాసం అంకెల దగ్గరే ఆగిపోతుంది.

మొదటి మెట్లు ఎక్కి, యూరప్ భాషా కొలమానంలో బి1, బి2 అని పిలిచే మధ్యస్థాయి మీద కన్నేసిన వాళ్ళకోసం ఈ చిట్కాలు. వీటిలో చాలావాటికి భాష నేర్పే మాస్టార్లు తలడ్డంగా ఊపుతారు. అయినా చెబుతున్నాను. మాస్టారి లక్ష్యం మీరు తప్పుల్లేకుండా మాట్లాడటం. నేరశాస్త్ర విద్యార్థిగా మీ లక్ష్యం ఎదుటి మనిషి మనసు విప్పి మాట్లాడటం. లక్ష్యం మారినప్పుడు దారి కూడా మారాలి.

1. ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి, తెలుగులోంచి నేరుగా వెళ్ళండి

డచ్, ఇంగ్లీషు అక్కచెల్లెళ్ళు కాబట్టి ఇంగ్లీషు పట్టుకుని వెళ్ళమని ప్రతివాళ్ళూ చెబుతారు. విడి మాటల వరకు ఆ చుట్టరికం పనికొస్తుంది. వాక్యం దగ్గరికి, అందులోనూ మాట్లాడే వాక్యం దగ్గరికి వచ్చేసరికి మనకు తెలుగే దగ్గర.

డచ్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. 'నిన్న వంతెన దగ్గర అతన్ని చూశాను కాబట్టి' అని సాక్షి చెప్పాలంటే 'ఒమ్‌డాట్ ఇక్ హెమ్ ఖిస్టరన్ బెయ్ డె బ్రుఖ్ ఖెజీన్ హెబ్' అంటాడు. ఎందుకంటే, నేను, అతన్ని, నిన్న, వంతెన దగ్గర, చూసి ఉన్నాను: ఇదీ వరస. ఇంగ్లీషులో ఆలోచించేవాడు క్రియ ఎప్పుడొస్తుందా అని మధ్యలోనే కంగారు పడతాడు. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

చిన్న చిన్న ఊతపదాల సంగతీ అంతే. 'టొఖ్' అంటే చాలాచోట్ల మన 'కదా'. 'వాఖ్ట్ ఏవన్' అంటే 'కాస్త ఆగండి'. 'నే హోర్' అంటే దాదాపు 'లేదులెండి'. వీటికి ఇంగ్లీషులో సరైన జోడీ దొరక్క విద్యార్థులు వదిలేస్తారు. వదిలేస్తే మాట గద్దించినట్టు వినిపిస్తుంది. 'ఎల్లుండి'కి 'ఓవర్‌మోర్ఖన్', 'మొన్న'కు 'ఏర్‌ఖిస్టరన్' ఒక్కొక్క మాటలో ఉన్నాయి.

అన్నిటికంటే విలువైనది 'జౌ'. 'హెయ్ జౌ జెయ్‌న్ బూర్‌మాన్ ఖెస్లాఖన్ హెబ్బన్' అన్నారంటే 'పొరుగింటాయన్ని కొట్టాడట' అని. మన 'ట' చేసే పనంతా ఇది చేస్తుంది: నేను చూడలేదు, ఇతరులు చెబుతున్నారు, ఇంకా రుజువు కాలేదు. డచ్ పత్రికల నేరవార్తల్లో ఇది అడుగడుగునా వస్తుంది. దీన్ని వినకుండా పోతే ఆరోపణను జరిగిన సంగతిగా రాసేస్తారు. నేరశాస్త్రంలో అంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు.

2. 'డె', 'హెట్' గురించి బెంగ మానేయండి

డచ్ నామవాచకాల్లో కొన్నిటికి ముందు 'డె', కొన్నిటికి 'హెట్' వస్తాయి. ఏది దేనికో చెప్పడానికి నిలకడైన సూత్రం లేదు. పట్టికలు బట్టీ పడుతూ విద్యార్థులు నెలలు ఖర్చుపెడతారు. మానేయండి. మీరు 'డె' బదులు 'హెట్' అన్నారని ఏ బాధితురాలూ చెప్పడం ఆపదు. అది నిదానంగా దానంతట అదే చెవికెక్కుతుంది.

ఆ శ్రమంతా విడిపోయే క్రియల మీద పెట్టండి. 'ఆన్‌హౌడన్' అంటే అదుపులోకి తీసుకోవడం. ప్రధాన వాక్యంలో, భూతకాలంలో పడగానే అది రెండు ముక్కలై, 'హీల్డ్' ముందూ 'ఆన్' చివరా నిలబడతాయి. 'వ్రెయ్‌స్ప్రేకన్' అంటే నిర్దోషిగా తేల్చడం. 'జడ్జి సుదీర్ఘ విచారణ తర్వాత నిందితుణ్ణి నిర్దోషిగా ప్రకటించారు' అనే వాక్యంలో 'స్ప్రాక్' మొదట్లోనే వచ్చేస్తుంది. దానికి 'మాట్లాడారు' అన్న అర్థమే తోస్తుంది. మనిషిని విడుదల చేసే 'వ్రెయ్' అన్న ముక్క వాక్యం కొసన గానీ రాదు. ఆ చివరి ముక్క వినని వాడికి తీర్పు వినిపించనట్టే. దొంగతనానికి ఇల్లు పగలగొట్టడం, పట్టుకుపోవడం, లోపలేయడం, వదిలిపెట్టడం, అన్నీ ఇలాంటి క్రియలే. రోజూ కొన్నిటిని తీసుకుని, ఒక్కొక్కదాన్ని విడదీసి, కలిపి, భూతకాలంలో పెట్టి పైకి చెప్పుకోండి.

3. గంటల దగ్గర, అంకెల దగ్గర, చుట్టరికాల దగ్గర పరమ ఛాందసులు కండి

వ్యాకరణంలో చూపిన ఉదారత ఇక్కడ పనికిరాదు. 'హాల్ఫ్ అఖ్ట్' అని సాక్షి అంటే ఏడున్నర. 'అఖ్ట్' అంటే ఎనిమిది కాబట్టి ఇంగ్లీషు అలవాటులో ఎనిమిదిన్నర అని రాసుకుంటే గంట తేడా పడుతుంది. ఆ సమయంలో మనిషి ఎక్కడున్నాడన్నదే కేసు మొత్తం అయినప్పుడు గంట అంటే మాటలు కాదు. 'వెయ్‌ఫ్ వోర్ హాల్ఫ్ అఖ్ట్' అంటే ఏడున్నరకు ఐదు నిమిషాల ముందు, అంటే 7:25.

అంకెల్లో ఒకట్ల స్థానం ముందు పలుకుతారు. 25ను 'వెయ్‌ఫ్-ఎన్-ట్వింటిఖ్' అంటారు, 'ఐదూ ఇరవై' అని. 52 'ట్వే-ఎన్-వెయ్‌ఫ్టిఖ్', 'రెండూ యాభై' అని. ఇంటి నంబరు తారుమారైతే మీ నోట్సులో వేరే వాళ్ళింట్లో దొంగతనం జరుగుతుంది. అందుకని సంఖ్య విన్న ప్రతిసారీ అంకె అంకె విడదీసి తిరిగి చెప్పి, ఔననిపించుకోండి.

చుట్టరికాల్లో డచ్ చాలా పొదుపరి. 'నేఫ్' అంటే అన్నదమ్ముల కొడుకైనా కావచ్చు, మేనల్లుడైనా కావచ్చు, పెదనాన్న కొడుకైనా, మేనబావైనా కావచ్చు. ముఠాల్లో కుటుంబ సంబంధాల మీద పరిశోధన చేసేవాడు ఈ మాట దగ్గర ఆగకుండా ముందుకు పోకూడదు. 'ఎవరి కొడుకు?' అని అడగండి. వరసలు కచ్చితంగా పట్టించుకునే తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న సహజంగా వస్తుంది. దాన్ని దాచుకోకండి.

4. మాట్లాడటం తర్వాత, ముందు ఊరుకోవడం నేర్చుకోండి

ధారాళంగా మాట్లాడమని అందరూ ప్రోత్సహిస్తారు. ఇంటర్వ్యూ చేయబోయే వాళ్ళకు ఆ ధారాళం అడ్డు. మధ్యస్థాయి విద్యార్థి ఖాళీ దొరికితే తనకొచ్చిన వాక్యాలన్నీ అందులో పోసేస్తాడు. ఎదుటివాడు చెప్పబోయింది మింగేస్తాడు.

మీకు నిజంగా కావాల్సిన మాటలు కొన్నే. 'వెర్టెల్ ఎన్స్', అంటే 'చెప్పండి మరి'. 'హూ ఖింగ్ డాట్?', 'అదెలా జరిగింది?' 'ఎన్ టూన్?', 'తర్వాత?' 'వాట్ బెడూల్ట్ యూ?', 'అంటే ఏమిటండీ?' వీటిని నిద్రలో అడిగినా సరైన రాగంతో పలికేదాకా సాధన చేయండి. అడిగాక నోరు మూసుకోండి. నిశ్శబ్దం ఎంత ఇబ్బందిగా ఉన్నా దాన్ని మీరు పూరించకండి.

'వారోమ్', అంటే 'ఎందుకు' అన్న ప్రశ్నను వీలైనంత తగ్గించండి. తప్పు చేసిన మనిషికి అది నిలదీసినట్టు వినిపిస్తుంది. వెంటనే సంజాయిషీ మొదలవుతుంది. 'ఎలా' అని అడిగితే కథ వస్తుంది. కథలోంచి కారణం మీరే ఏరుకోవచ్చు.

5. క్లాసు ఎగ్గొట్టి అయినా కోర్టుకు వెళ్ళండి

ఇది నా అసలు సలహా. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

నెదర్లాండ్స్‌లో 11 జిల్లా కోర్టులున్నాయి. క్రిమినల్ విచారణలు సాధారణంగా బహిరంగమే. డబ్బు కట్టక్కర్లేదు. భద్రతా తనిఖీ దాటి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని, వెనక వరసలో కూర్చోవచ్చు. మైనర్ల కేసులు మాత్రం తలుపులు వేసి జరుపుతారు. అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. నోట్సు రాసుకోండి.

పెద్ద కేసులకు పోకండి. హత్యలూ ముఠాలూ ఉన్న కేసుల్ని ముగ్గురు జడ్జీలు వింటారు, తీర్పు సాధారణంగా రెండు వారాలకు గానీ రాదు. మీరు వెళ్ళాల్సింది 'పొలిట్సీరెఖ్టర్' దగ్గరికి. పేరులో పోలీసు ఉన్నా ఆయన జడ్జే. దుకాణంలో దొంగతనం, బెదిరింపు, చిన్నపాటి కొట్లాట వంటివి ఒంటరిగా వింటాడు. గరిష్ఠంగా ఏడాది జైలు వేయగలడు. చాలావరకు తీర్పు అక్కడికక్కడే నోటితో చెబుతాడు. ఒక ఉదయం కూర్చుంటే కేసు తర్వాత కేసు మొదలు నుంచి చివరిదాకా వినొచ్చు.

భాష నేర్చుకునే వాడికి ఇంతకన్నా మంచి బడి లేదు. ప్రతి కేసూ ఒకే వరసలో నడుస్తుంది. జవాబివ్వాల్సిన బాధ్యత లేదని జడ్జి నిందితుడికి చెబుతాడు. ప్రాసిక్యూటర్ అభియోగం వినిపిస్తాడు. జడ్జి ఫైల్లోని సంగతులు ఒక్కొక్కటే చెబుతూ 'క్లోప్ట్ డాట్?', 'నిజమేనా?' అని అడుగుతాడు. నిందితుడి ఇల్లు, ఉద్యోగం, అప్పులు, తాగుడు గురించి మాట్లాడతారు. ప్రాసిక్యూటర్ ఇంత శిక్ష కావాలంటాడు, లాయరు వాదిస్తాడు. చివరి మాట చెప్పే హక్కు నిందితుడిదే. వరస తెలిసిపోయాక రెండో కేసు నుంచే చెవులు తెరుచుకుంటాయి. ఒకే గదిలో జడ్జి మర్యాద భాష, ప్రాసిక్యూటర్ చట్ట భాష, నిందితుడి వీధి భాష పక్కపక్కన వినిపిస్తాయి. ఏ పాఠ్యపుస్తకమూ ఆ మూడింటినీ ఒక పేజీలో పెట్టదు.

ఇంకో కారణం ఉంది. అక్కడ జ్యూరీ లేదు. విచారణ ఎక్కువగా ఫైలు మీద నడుస్తుంది. ఇతరులు చెప్పగా విన్న మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని ఆ దేశ సుప్రీంకోర్టు 1926లో తేల్చింది. దాంతో పోలీసు ముందు ఇచ్చిన వాఙ్మూలాలే కోర్టులో బరువు మోస్తాయి, సాక్షులు స్వయంగా రావడం తక్కువ. కాబట్టి జడ్జి నోట వచ్చేవి 'అన్నాడు', 'అన్నదట', 'చూశానని చెప్పింది' వంటి వాక్యాలు. క్రియ చివరికి పోయే ఉపవాక్యాలూ, 'జౌ'లూ అక్కడ వానలా కురుస్తాయి. మొదటి చిట్కాలో చెప్పిందంతా ఆ గదిలో వినపడుతుంది. క్లాసు మానేస్తే వచ్చే నష్టం ఒక అభ్యాసం. కోర్టు మానేస్తే పోయేది మీ చదువే.

6. 'నేరం' అన్న మాట పలకకండి

నేరశాస్త్ర విద్యార్థి మొదట నేర్చుకునే డచ్ మాట 'క్రిమినలిటెయ్ట్'. దాన్ని వ్యాసంలో రాయండి, ఇంటర్వ్యూలో మాత్రం నోట రానివ్వకండి. రోటర్‌డ్యామ్‌లో బోధించిన లౌక్ హుల్స్‌మాన్ (1923-2009) ఈ మాట మీద జీవితమంతా పోరాడాడు. నేరం అన్న ముద్ర వేయగానే జరిగిన సంగతి కనిపించకుండా పోతుందనీ, దాన్ని ఒక సమస్యాత్మక పరిస్థితిగా చూడాలనీ ఆయన వాదన. ఆయన సిద్ధాంతం మొత్తం మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూలో మాత్రం ఆయన మాట వినండి. 'ఆ నేరం గురించి చెప్పండి' అంటే మనిషి బిగుసుకుంటాడు. 'ఏం జరిగింది?' అంటే చెబుతాడు.

అలాగే తీర్పు రాని మనిషిని 'డాడర్' అనకండి. ఆ మాటకు నేరం చేసినవాడని అర్థం. అప్పటిదాకా అతను 'వెర్‌డఖ్టె', అనుమానితుడు. ఈ విషయంలో డచ్ వాళ్ళు ఎంత పట్టింపుగా ఉంటారంటే, పత్రికలు చాలావరకు నిందితుడి ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే వేస్తాయి. ఆ మర్యాద మీ నోటికీ అలవాటు కావాలి.

7. బూతులన్నీ నేర్చుకోండి, ఒక్కటీ వాడకండి

మంచి భాషే నేర్చుకోమని పెద్దలు చెబుతారు. మీ శాస్త్రం మంచి భాష దగ్గర ఆగేది కాదు. డచ్ తిట్లలో జబ్బుల పేర్లు ఎక్కువ: క్యాన్సర్, క్షయ, టైఫాయిడ్. 'కాంకర్' అన్న మాట ఎంత గాయపరుస్తుందో తెలియకపోతే బెదిరింపు కేసులో బరువెక్కడుందో మీకు అందదు.

పాత దొంగల భాషకు 'బర్ఖూన్స్' అని పేరు. అందులో యూదుల యిడ్డిష్ మాటలు చాలా ఉన్నాయి. జైలును 'బాయెస్' అనడం, కొట్టేయడాన్ని 'యాటన్' అనడం, నేరప్రపంచాన్ని 'పెనోజె' అనడం అక్కడినుంచే వచ్చి ఇవాళ అందరి నోటా ఉన్నాయి. ఇప్పటి కుర్రకారు భాషలో సూరినామ్ నుంచి వచ్చిన స్రానన్ మాటలు, అరబిక్ మాటలు కలిశాయి. 'డూకూ' అంటే డబ్బు, 'ఓసో' అంటే ఇల్లు, 'స్కోటూ' అంటే పోలీసు. రోటర్‌డ్యామ్ రేవులో కంటెయినర్ల నుంచి కొకెయిన్ తీసే కుర్రాళ్ళను 'ఔట్‌హాలర్' అంటారు. రేవు ప్రాంగణంలో అనుమతి లేకుండా తిరగడమే 2022 నుంచి శిక్షార్హమైంది, ఆ చట్టాన్ని జనం వాళ్ళ పేరుతోనే పిలుస్తున్నారు.

ఈ మాటలు మీ చెవికి తెలియాలి, నోటికి వద్దు. పరాయి దేశపు విద్యార్థి వీధి కుర్రాడిలా మాట్లాడబోతే ఆ కుర్రాడే ముందు నమ్మకం కోల్పోతాడు.

8. ఫ్లాండర్స్ డచ్‌ను వేరే భాష అనుకోండి

రెండూ ఒకటే భాష అని అధికారికంగా చెబుతారు, నిజమే. న్యాయవ్యవస్థ దగ్గర మాత్రం వేరుగానే నేర్చుకోండి. నెదర్లాండ్స్‌లో ప్రాసిక్యూటర్ 'ఒఫిసీర్ వాన్ యుస్టీట్సీ', బెల్జియంలో 'ప్రొక్యురూర్ డెస్ కోనింగ్స్'. పేటను చూసుకునే పోలీసు నెదర్లాండ్స్‌లో 'వెయ్‌క్‌అఖెంట్', బెల్జియంలో 'వెయ్‌క్‌ఇన్‌స్పెక్టూర్'. నెదర్లాండ్స్‌లో దొంగతనాలు వినే 'పొలిట్సీరెఖ్టర్' బెల్జియంలో ప్రధానంగా ట్రాఫిక్ కేసులు వింటాడు. బెల్జియంలో అత్యంత తీవ్రమైన నేరాలకు 12 మంది పౌరుల జ్యూరీతో అసైజ్ కోర్టు ఉంది. బెల్జియంలోని గెంట్‌లో చదువుతూ ఆమ్‌స్టర్‌డ్యామ్ పుస్తకంతో సిద్ధమైతే మొదటి ఇంటర్వ్యూలోనే తడబడతారు.

ఉచ్చారణ కూడా మారుతుంది. ఉత్తరాన గొంతు చించుకునే 'ఖ' దక్షిణాన మెత్తబడుతుంది. 'నువ్వు'కు ఉత్తరాన 'యె' అంటే, ఫ్లాండర్స్ జనం ఇంట్లో 'ఖె' అంటారు. మీరు పని చేయబోయే ఊరేదో తేల్చుకుని ఆ ఊరి రేడియో వినండి.

9. యాస దాచకండి, ఇంగ్లీషుకు ఒప్పుకోకండి

మీ నోట ఒక్క తప్పు దొర్లగానే డచ్ వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. అది మర్యాదే. అయినా ఒప్పుకోకండి. 'డచ్‌లోనే మాట్లాడదామండీ, నెమ్మదిగా' అని నవ్వుతూ అడగండి. ఎన్నిసార్లు మారితే అన్నిసార్లు అడగండి. ఇంగ్లీషులో చెప్పే మాట ముందే వడకట్టి వస్తుంది. కోపం, సిగ్గు, భయం సొంత భాషలోనే పూర్తిగా బయటికొస్తాయి.

యాస పోగొట్టుకోవాలని కూడా తాపత్రయపడకండి. పరిశోధకుడికి అది వరం. ఊరివాడైతే తెలిసినట్టు నటించాల్సిన చోట మీరు 'నాకర్థం కాలేదు, ఇంకోసారి చెబుతారా?' అని దర్జాగా అడగొచ్చు. రెండోసారి చెప్పేటప్పుడు మనిషి మొదట దాటేసిన వివరం చేరుస్తాడు. 'ఇక్ హెబ్ హెమ్ వెల్ ఎన్స్ ఖెజీన్' అంటే 'అతన్ని ఎప్పుడో ఒకటి రెండుసార్లు చూశాను' అని. అందులోంచి 'ఎన్స్' తీసేస్తే 'చూశాను, చూడలేదంటారేమిటి' అనే ఖండన అవుతుంది. ఈ తేడా స్పష్టంగా వినేదాకా మళ్ళీ చెప్పమనే హక్కు మీకుంది.

10. పరీక్షను చివర్లో పెట్టుకోండి

బి2 స్థాయికి నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ పరీక్ష ఉంది. సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికొస్తుంది, తప్పకుండా రాయండి. కానీ దాన్ని ముందు పెట్టుకుని చదివితే పరీక్ష అడిగే మాటలే వస్తాయి. కోర్టులో, పేటలో, ప్రొబేషన్ ఆఫీసులో చెవి తయారైన వాడికి ఆ పరీక్షలో వినే భాగం భయపెట్టదు. రాసే భాగానికి అప్పుడు వ్యాకరణం పట్టండి. 'డె', 'హెట్' పట్టికలకు అదే సరైన సమయం.

లైడెన్‌లో ఉన్నా, రోటర్‌డ్యామ్‌లో ఉన్నా, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఉన్నా ఈ వారం ఒక ఉదయం ఖాళీ చేసుకోండి. జిల్లా కోర్టు ముంగిట్లో అడిగితే 'పొలిట్సీరెఖ్టర్' ఏ గదిలో కూర్చుంటున్నారో చెబుతారు. మొదటి రోజు సగం అర్థం కాకపోయినా లేచి రాకండి. ఆ జడ్జి ముందు కూర్చున్న మనిషి గురించే రేపు మీరు వ్యాసం రాయబోతున్నారు. అతని మాట అతని భాషలో వినడం మీ బాధ్యత.